ఎండలు ముదిరాక విశాఖలో పిట్టలు ఎక్కడికి పోతాయి?

ఏప్రిల్ సగం దాటేసరికి విశాఖలో చాలామంది బైనాక్యులర్లు అటకెక్కుతాయి. చలికాలమంతా మేఘాద్రి గెడ్డ మీద తేలిన సూదితోక బాతులు కనబడవు. పైన శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురంలో పెలికాన్లు, ఎర్రకాళ్ల కొంగలు పిల్లల్ని పెంచుకుని వెళ్లిపోయి ఉంటాయి. దాంతో ‘సీజన్ అయిపోయింది’ అనేస్తారు. అయిపోయింది వలస బాతుల సీజన్ మాత్రమే. ఇక్కడే పుట్టి ఇక్కడే బతికే పిట్టలకు పెళ్లిళ్ల సీజన్ మొదలయ్యేది అప్పుడే. చైత్ర వైశాఖాల్లో మనుషులదీ అదే వరస కదా.

కొత్తగా పిట్టలు చూడటం మొదలుపెట్టినవాళ్లకి ఈ రోజుల్లో తికమక తప్పదు. ఒకే చెరువు గట్టున, ఒకే ఉదయం, కొన్ని పిట్టలు వెళ్లిపోతుంటాయి, కొన్ని దారిలో ఆగి ఉంటాయి, కొన్ని ఎక్కడికీ పోకుండానే రంగు మార్చుకుని ఉంటాయి. నిన్నటిదాకా నోరు మెదపనివి గొంతు చించుకుంటుంటాయి. చలికాలం బొమ్మల్ని గుర్తుపెట్టుకుని వెళ్తే ఏదీ పోలదు. ఏ పిట్ట ఏ పనిలో ఉందో విడదీసుకుంటే మాత్రం ఏడాది మొత్తంలో పిట్టల్ని గుర్తుపట్టడానికి ఇంత సులువైన కాలం ఇంకోటి లేదు.

వెళ్లేవి ఒకేసారి వెళ్లవు

బాతులు ముందు వెళ్తాయి, మార్చిలోనే చాలావరకు ఖాళీ. పగటి పొద్దు పెరుగుతున్న కొద్దీ వాటి ఒంట్లో హార్మోన్లు మారి, కొవ్వు పట్టి, ప్రయాణానికి సిద్ధమవుతాయి. మన ఎండకు తాళలేక పోతాయనుకోవడం పొరపాటు. సముద్రపు ఒడ్డున బురదలో ముక్కుతో పొడుచుకు తినే ఉల్లంకి జాతి పిట్టల లెక్క వేరు. వాటిలో చాలా వాటికి గూడు ఆర్కిటిక్ టండ్రాలో. అక్కడ మంచు కరిగేది జూన్‌లో. ముందే వెళ్తే కాలు మోపడానికి చోటుండదు కాబట్టి ఏప్రిల్ ఆఖరు, మే మొదటి వారం వరకూ దారిలో ఆగుతూ పోతాయి.

ఇందులో మనకు లాభముంది. జనవరిలో ఇవన్నీ బూడిద రంగులో ఒకేలా ఉండి తలనొప్పి తెప్పిస్తాయి. ఏప్రిల్ ఆఖరున భీమిలి దగ్గర గోస్తని నది సముద్రంలో కలిసే చోట చూస్తే, కర్ల్యూ శాండ్‌పైపర్ ఒళ్లంతా ఇటుక రంగుకు తిరుగుతూ ఉంటుంది. శాండ్ ప్లోవర్ రొమ్ము మీద నారింజ-గోధుమ పట్టీ వచ్చేస్తుంది. పసిఫిక్ గోల్డెన్ ప్లోవర్‌కి ముఖం నుంచి పొట్ట దాకా నల్లరంగు మచ్చలు మచ్చలుగా పాకుతుంది. చెరువుల మీద ఎగిరే విస్కర్డ్ టెర్న్‌కి తలమీద నల్లటోపీ, పొట్టకింద ముదురు బూడిద రంగు. ఉల్లంకులు నేర్చుకోవాలంటే ఈ మూడు వారాలే నేర్చుకోవాలి.

మే సగం దాటాక కూడా బూడిద రంగులోనే ఒంటరిగా నిలబడ్డ పిట్ట కనిపిస్తే దానికి జబ్బు చేసిందనుకోకండి. కిందటేడు పుట్టిన పిల్లలు చాలా జాతుల్లో మొదటి వేసవికి ఉత్తరానికి పోవు. గూడు కట్టే వయసు రాలేదు కాబట్టి అంత దూరం ఎగిరే కష్టం పెట్టుకోవు. ఇక్కడే ఉండిపోతాయి.

పొన్నంగి పిట్టది ఎదురు ప్రయాణం. చలికాలం దక్షిణాదిన, శ్రీలంకలో గడిపి, వానలకు ముందు ఉత్తరానికి కదులుతుంది. కంబాలకొండ లాంటి పొదల అడవిలో మే, జూన్‌లలో వినిపిస్తుంది. చూడటం కంటే వినడమే సులువు. తెల్లవారుజామున, మునిమాపున రెండు ముక్కల ఈల వేస్తుంది, తమిళనాట దాన్ని ‘ఆరు గంటల పిట్ట’ అనేది అందుకే. తొమ్మిది రంగులున్నా నేలమీద ఎండుటాకుల మధ్య గెంతుతుంటే కళ్లముందే మాయమవుతుంది. ఈల వినపడ్డ చోట నిలబడిపోయి, మోకాలి ఎత్తు కంటే కిందనే వెతకాలి. చెట్ల మీదకు చూస్తూ తిరిగినవాళ్లకి దొరకదు.

కొంగలు వేసే వేషాలు

ఈ కాలంలో ఎక్కువ తప్పులు జరిగేది తెల్లకొంగల దగ్గర. అందరూ మొదట నేర్చుకునే గుర్తు ముక్కు రంగు: నల్ల ముక్కయితే చిన్నకొంగ, పసుపు ముక్కయితే పెద్దకొంగ లేదా మధ్యరకం. చలికాలంలో ఇది పనిచేస్తుంది. గూడు కట్టే కాలం వచ్చేసరికి పెద్దకొంగ ముక్కు కూడా నల్లబడుతుంది, కంటి చుట్టూ చర్మం ఆకుపచ్చకు తిరుగుతుంది. మధ్యరకం ముక్కూ నల్లబడుతుంది. అప్పుడు ముక్కును నమ్ముకున్నవాళ్లు రాసుకునే పిట్టల పట్టీలో ఊళ్లో ఉన్నవన్నీ చిన్నకొంగలే.

మారని గుర్తులు రెండున్నాయి. ఒకటి కాలివేళ్లు. చిన్నకొంగకు నల్లటి కాళ్లకింద పసుపు పచ్చటి వేళ్లు, మేజోళ్లు తొడిగినట్టు. మిగతా రెంటికీ వేళ్లు నల్లనివే. నీళ్లలో నిలబడితే కనపడవు, అడుగు తీసి వేసే క్షణం కోసమో ఎగిరే క్షణం కోసమో ఆగాలి. రెండోది నోటి గీత. పెద్దకొంగకు నోరు చీలిన గీత కంటిని దాటి వెనక్కి పోతుంది. మధ్యరకానికి కంటికిందే ఆగిపోతుంది. 8 రెట్లు పెద్దది చేసి చూపే బైనాక్యులర్‌తో 40 మీటర్ల దూరం నుంచి ఇది తేలిగ్గానే కనపడుతుంది. చిన్నకొంగకు మెడ వెనక రెండు పొడవాటి సన్నని ఈకలు వేలాడటం కూడా ఇప్పుడే. ఈ పెళ్లినాటి ఈకల కోసమే 19వ శతాబ్దంలో యూరప్ దొరసానుల టోపీలకని కొంగల్ని ఊళ్లకు ఊళ్లుగా వేటాడారు.

పశువుల వెంట తిరిగే కొంగకు తల, మెడ, వీపు నారింజ రంగెక్కుతాయి. ఇది చూసి కొత్త జాతి దొరికిందని ఫోటో పెట్టేవాళ్లు ప్రతి మే నెలలోనూ ఉంటారు. గుడ్డికొంగ మరీ మోసం. మామూలుగా మట్టిరంగు చారలతో గట్టులో కలిసిపోయేది, ఇప్పుడు వీపు మీద ముదురు మెరూన్ శాలువా కప్పుకుని, తల, మెడ లేత గోధుమ రంగులోకి వచ్చి నిలబడుతుంది. ఏ వేషంలో ఉన్నా ఎగరగానే రెక్కలు తళుక్కున తెల్లగా విచ్చుకుంటాయి. అదొక్కటీ మారదు.

గొంతుతో దొరికేవి

కోకిల వసంతంలో వస్తుందని కవులు ఎంత చెప్పినా, అది ఎక్కడికీ వెళ్లదు. చలికాలంలో అదే రావిచెట్టు మీద పండ్లు తింటూ నోరు మూసుకుని ఉంటుంది. కాకులు గూళ్లు కట్టడం మొదలుపెడితే కూయడం మొదలుపెడుతుంది, ఎందుకంటే దాని గుడ్లకు దిక్కు ఆ గూళ్లే. ‘కుహూ’ అని హెచ్చిస్తూ పోయేది మగది, నల్లగా, ఎర్రటి కళ్లతో. ఆడది గోధుమ రంగు మీద తెల్ల చుక్కలతో ఉంటుంది, దాని అరుపు ‘కిక్‌కిక్‌కిక్’ అని గీసినట్టు ఉంటుంది. రెండూ ఒకే జాతి అని తెలియనివాళ్లు చాలామంది.

లెక్క చాలా సూక్ష్మంగా ఉంటుంది. కోకిల గుడ్డు 12 నుంచి 14 రోజుల్లో పొదుగుతుంది, కాకి పిల్లలకంటే సుమారు 3 రోజులు ముందు. ముందు పుట్టినది పెద్ద నోరు తెరిచి మేత కొట్టేస్తుంది. అయితే కాకి గుడ్లను అది ప్రతిసారీ తోసేస్తుందన్నది నిజం కాదు. రెండు రకాల పిల్లలూ ఒకే గూట్లో పెరగడం కూడా ఉంటుంది. మే ఆఖరు నుంచి అపార్ట్‌మెంట్ల మధ్య కానుగ చెట్ల మీద చూడండి: రెక్కలు విదిలిస్తూ బతిమాలే పిల్ల, దాని నోట్లో మేత పెట్టే కాకి. ఈ దృశ్యానికి అడవికి పోనక్కర్లేదు.

మిట్టమధ్యాహ్నం కూడా పనిచేసే పిట్ట కంసాలి పిట్ట. ‘టుక్ టుక్ టుక్’ అంటూ నిమిషానికి 100కు పైగా కొడుతుంది. అరిచేటప్పుడు తల అటూ ఇటూ తిప్పడం వల్ల శబ్దం చోటు మారినట్టు భ్రమ కలుగుతుంది. ముక్కు తెరవదు, గొంతుమాత్రం ఉబ్బుతుంది. ఆకుల్లో వెతకొద్దు. చెట్టు కొసన బోడి కొమ్మ మీద, పిడికిలంత ఆకుపచ్చ ఉండ కోసం చూడండి. రాత్రిళ్లు వెన్నెట్లో కూడా మూడు ముక్కలుగా, మెట్టుమెట్టుకూ పైకెక్కి ఒక్కసారిగా తెగిపోయే అరుపు వినిపిస్తే అది కోకిల కుటుంబానికే చెందిన హాక్-కుకూ. కనబడితే జాలె డేగ అనుకుని పొరబడతారు. డేగ ముక్కు కొక్కెంలా వంగి ఉంటుంది, దీనిది కోకిల ముక్కు.

శబ్దం గుర్తుపట్టే మెర్లిన్ యాప్ మంచి తోడు, మంచి సాక్షి కాదు. కొండల్లో సిగ్నల్ ఉండదు కాబట్టి భారతదేశపు పిట్టల ప్యాక్ ఇంటి దగ్గరే దించుకోండి. తోకకు రెండు పొడవాటి తీగలుండే రాకెట్ తోక డ్రోంగో ఇతర పిట్టల గొంతుల్ని అచ్చంగా అనుకరిస్తుంది. అది ఒక్కటే కూర్చుని ఐదు పిట్టల పేర్లు యాప్‌లో రాయించగలదు. కంటితో చూడని పేరును పట్టీలో ఎక్కించే ముందు ఆగండి.

వానకు ముందు గూళ్లు, వాన పడ్డాక గూళ్లు

ఎవరు ఎప్పుడు గూడు కడతారన్నది ఇష్టం కాదు, అవసరం. నేలలో సొరంగం తవ్వేది, బయలు నేలమీద గుడ్లు పెట్టేది వాన రాకముందే పని ముగించుకోవాలి, లేకపోతే గూడు మునుగుతుంది. పసిరిక పిట్ట మెత్తని ఇసుక గోడల్లో మీటరుకు పైగా సొరంగం తొలుస్తుంది. ఏటి గట్లు, రోడ్డు కోసిన అంచులు, భీమిలి దారిలో ఎర్రమట్టి దిబ్బల్లాంటి నిటారు గోడలు దానికి ఇష్టం. ఫోటో కోసం ఆ అంచుల మీద నిలబడటం రెండు రకాలా తప్పు: గోడ విరిగి సొరంగం పూడుతుంది, దిబ్బలు జాతీయ భూవారసత్వ స్థలం కూడా.

పాలపిట్ట చెట్టు తొర్రలు, తలపోయిన తాటిమొద్దులు వెతుక్కుంటుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను ఊరి చెట్లను ఊచకోత కోసింది, విరిగి నిలిచిన మొద్దులే తొర్రల పిట్టలకు ఇళ్లవుతాయి. ఒమన్ పెట్టిన ఆ పేరు కూడా ఒక పిట్టదే, తలమీద విసనకర్ర కుచ్చు ఉండే హూపోది. తోటల్లో ఎండిన మొద్దు కనబడగానే కొట్టేయకండి.

తీతువు పిట్ట గూడు అంటే నాలుగు గులకరాళ్లు, మూడు నాలుగు మచ్చల గుడ్లు, అంతే. లేఅవుట్ల ఖాళీ స్థలాల్లో పెడుతుంది. మధ్యాహ్నం అది గుడ్లను పొదగదు, వాటికి నీడ పడుతుంది. పొట్ట ఈకలు నీళ్లలో తడుపుకొచ్చి గుడ్లను చల్లబరుస్తుంది. మనిషి దగ్గరికి వెళ్తే లేచి అరుస్తూ తిరుగుతుంది. మే ఎండలో గుడ్డు కొద్ది నిమిషాలు బయటపడి ఉంటే చాలు, లోపల పిల్ల ఉడికిపోతుంది. అపశకునమని తిట్టించుకునే ఆ అరుపుకు అర్థం ‘దూరం జరుగు’ అని. అది నేలకు దిగేదాకా వెనక్కి నడవండి.

గిజిగాడికి వాన కావాలి. గూడు నేయడానికి పచ్చగడ్డి పోచలు కావాలి, పిల్లలకు పురుగులు కావాలి. తొలకరి పడ్డాక ఈత, తాటి చెట్లకు మగపిట్టలు పసుపు తలతో వేలాడుతూ నేస్తాయి. సగం నేసి హెల్మెట్ ఆకారంలో ఆపుతాయి. ఆడది వచ్చి పరీక్షిస్తుంది, నచ్చితేనే గొట్టం దిగుతుంది. కొమ్మన వేలాడే సగం గూళ్లు తుఫానుకు తెగినవి కావు, చాలావరకు తిరస్కరించినవి. కొండకర్ల ఆవ అనే పెద్ద చెరువులో, తామరాకుల మీద నడిచే జకానా కూడా నీరు పెరిగాకే గుడ్లు పెడుతుంది, కానీ మే నాటికే పొడవాటి తోక వచ్చేస్తుంది. అక్కడ గుడ్లు పొదిగేది, పిల్లల్ని తిప్పేది మగది. ఆడది ఇంకో మగదాన్ని వెతుక్కుంటూ పోతుంది.

ఎక్కడ, ఎన్నింటికి

ఉత్తరాంధ్ర ఊళ్ల పేర్లే సగం దారి చూపిస్తాయి. గెడ్డ అంటే కొండవాగు, లోవ అంటే కొండల నడిమి పల్లం, ఆవ అంటే నీరు నిలిచే లోతట్టు. ముడసర్లోవ, మేఘాద్రి గెడ్డలలో వేసవికి నీరు తగ్గి బురద బయటపడుతుంది, కాళ్లపొడుగు పిట్టలన్నీ అక్కడికే చేరతాయి. నగరానికి నైరుతిగా 40 కిలోమీటర్ల పైన ఉన్న కొండకర్లలో తాటిమొద్దుల దోనె ఎక్కి తామరల మధ్య తిరగొచ్చు. కంబాలకొండ 2002 నుంచి అభయారణ్యం, సుమారు 71 చదరపు కిలోమీటర్లు. చిరుతలున్న అడవి, కాబట్టి గేటు తెరిచే వేళ కనుక్కుని, అనుమతి ఉన్న బాటల్లోనే నడవాలి. ఉక్క భరించలేకపోతే అనంతగిరి, అరకు వైపు వెళ్లండి. ఆ కొండల పిట్టల మీద 1987లో పక్షి పరిశోధకులు రిప్లీ, బీలర్, కృష్ణరాజు ప్రత్యేక పరిశోధన ప్రచురించారు. ఇక్కడి అబ్బాట్స్ బాబ్లర్ అనే పిట్ట ఉపజాతికి శాస్త్రీయ నామం కృష్ణరాజుయి. విశాఖ కొండల్లో తిరిగిన మనిషి పేరు ఒక పిట్టకుంది, ఊళ్లో ఎందరికి తెలుసో.

మే సగంలో పొద్దు పొడిచేది 5:20 ప్రాంతంలో. వెలుతురు అంతకు 20 నిమిషాల ముందే వస్తుంది. 5 గంటలకు చోటులో ఉంటే 8 వరకూ పని జరుగుతుంది. ఆ తర్వాత పిట్టలు నోరు తెరిచి రొప్పుతూ నీడకు చేరతాయి, నీటి మీద, ఇసుక మీద ఎండమావి లేచి ఎంత మంచి అద్దంలోనైనా బొమ్మ నీళ్లలా కదులుతుంది. అద్దం చెడిందని అనుమానపడొద్దు. మళ్లీ సాయంత్రం 5 దాటాక. మరో చిక్కు: మనకు సూర్యుడు సముద్రం మీద లేస్తాడు. ఉదయం బీచ్‌లో నిలబడి సముద్రం వైపు చూస్తే ప్రతి పిట్టా నల్లని నీడే. సముద్రపు పిట్టలకు సాయంత్రం వెళ్లండి. చెరువులకు ఉదయం తూర్పు గట్టు మీద నిలబడి పడమటికి చూడండి.

బైనాక్యులర్ 8×42 (8 రెట్లు పెద్దది చేసేది, ముందు అద్దం వెడల్పు 42 మిల్లీమీటర్లు) చాలు. 10 రెట్లది చేతుల వణుకును కూడా 10 రెట్లు చేస్తుంది. మసకగా ఉందని చాలామంది ఫిర్యాదు చేసేది కుడికంటి రింగు సర్దకపోవడం వల్ల. కుడికన్ను మూసి మధ్య చక్రంతో ఎడమకంటికి స్పష్టం చేసుకోండి, తర్వాత ఎడమకన్ను మూసి కుడి రింగు ఒక్కటే తిప్పండి. ఒక్కసారి చేస్తే చాలు. విశాఖలో ఇంకో తంటా ఉంది: ఏసీ కారులోంచి దిగగానే అద్దాల మీద ఆవిరి పడుతుంది. దిగడానికి 15 నిమిషాల ముందు ఏసీ ఆపి కిటికీలు తీయండి. సముద్రపు గాలిలో తిరిగొచ్చాక ముందు ఇసుక ఊదేసి, తర్వాతే తడి మెత్తటి గుడ్డతో తుడవాలి. వరస మారితే గీతలు పడతాయి. సిలికా జెల్ పొట్లాలతో మూత గట్టి డబ్బాలో పెట్టకపోతే రెండు వానాకాలాల్లో లోపల బూజు పడుతుంది.

పిట్టలు కానివి

తోటల్లో తలా గొంతూ ఎర్రబడి దండీలు తీస్తున్నట్టు ఊగే జంతువు మగ తొండ. రక్తం పీలుస్తుందన్న భయం అక్కర్లేదు, అది ఆడదానికి, పోటీదారుకి రంగు చూపిస్తోంది. తొండ ముదిరితే ఊసరవెల్లి అవుతుందన్న సామెత మనుషుల విషయంలో సరిపోతుందేమోగాని, అవి రెండూ వేరు వేరు కుటుంబాలు.

ఆలివ్ రిడ్లీ తాబేళ్లు జనవరి నుంచి ఏప్రిల్ వరకూ మన తీరంలో గుడ్లు పెడతాయి. 45 నుంచి 60 రోజులకు పిల్లలు వస్తాయి కాబట్టి మేలో కూడా ఒడ్డున పిల్లలుంటాయి. ఇసుక వేడెక్కిన కొద్దీ ఆడపిల్లలు ఎక్కువ పుడతాయి. అవి వెలుతురున్న వైపు నడుస్తాయి, అందుకే సెల్‌ఫోన్ లైటు వేయకూడదు, ఎత్తి నీళ్లలో వదలకూడదు.

మునిమాపున పొదల దారిలో రక్తపింజరి తిరుగుతుంది. చీలమండ దాటే బూట్లు, టార్చి తప్పనిసరి. కాటు పడితే కట్టు బిగించడం, కోయడం వద్దు. కాలు కదపకుండా 108కి ఫోన్ చేసి ఆసుపత్రికి చేరాలి.

చేయకూడనివి

ఫోన్లో పిట్ట అరుపు పెట్టి రప్పించడం ఈ కాలంలో అస్సలు వద్దు. తన హద్దులోకి ఇంకో మగది వచ్చిందనుకుని మగపిట్ట గూడు వదిలి మీ చుట్టూ తిరుగుతుంది. ఆ కాసేపట్లో గూట్లోని గుడ్ల పని కాకి చూసుకుంటుంది. గూడున్న చోటు వివరాలు గ్రూపుల్లో పెట్టకండి. ఈకలు వచ్చి నేలమీద గెంతుతున్న పిల్ల ఎగరడం నేర్చుకుంటోంది, ఇంటికి తేవద్దు. పిల్లి భయముంటే దగ్గరి కొమ్మ మీద పెట్టి పక్కకు రండి. ఈకలు రానిదైతే తిరిగి గూట్లో పెట్టండి, మనిషి ముట్టుకుంటే తల్లి వదిలేస్తుందన్నది అపోహ.

బాల్కనీలో నీళ్లు పెట్టేవాళ్లు మట్టి మూకుడులో 3 నుంచి 5 సెంటీమీటర్లకు మించి పోయకండి, మధ్యలో ఒక రాయి వేయండి. రోజూ పారబోసి కడిగి మార్చకపోతే పిట్టలకు కాదు, దోమలకు పెట్టినట్టు.

చూసినవి, పిట్టల లెక్కలు నమోదు చేసే ఈబర్డ్ వెబ్‌సైట్‌లో తేదీ, వేళ, చోటు, సంఖ్యతో రాయండి. మే నెలలో, సాధారణంగా రెండో శనివారం, ప్రపంచమంతా ఒకే రోజున పిట్టల్ని లెక్కపెట్టే గ్లోబల్ బిగ్ డే ఉంటుంది, మొదలుపెట్టడానికి అది మంచి రోజు. రోహిణి కార్తె ఎండల్లో పట్టీ చిన్నదైపోతుంది. అప్పుడు కూడా పొద్దున ఒక గంట చెవులు రిక్కించి ఉంచండి. మృగశిర దగ్గరికొచ్చేసరికి, మబ్బు పట్టిన ఒక ఉదయం, తెలుపు నలుపుల జుట్టుపిట్ట ఒకటి తీగ మీద వాలి ‘పియు... పియు’ అంటుంది. అది చాతకం. వాన చినుకులే తాగుతుందన్నది కథ. గుడ్లు పెట్టడానికి బాబ్లర్ల గూళ్లు వెతకడం దాని అసలు పని.